మూడేళ్లు వాడిన బిబ్ షార్ట్స్: నా పేచీ అంతా తొడ పట్టీతోనే

సైక్లింగ్ షార్ట్స్ కొనేటప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను. లోపల చెయ్యి పెట్టి, కూర్చునే చోట ఉండే ప్యాడ్ నొక్కి చూశాను. కుట్లు చూశాను. రంగు నలుపే కావాలన్నాను. కాలి అంచున, లోపలివైపు, తొడకు అంటుకుని ఉండే సిలికాన్ పట్టీని మాత్రం కన్నెత్తి కూడా చూడలేదు. అది మూడేళ్ల కిందటి మాట. ఈ బిబ్ షార్ట్స్ (నడుముకు ఎలాస్టిక్ బదులు భుజాల మీదుగా స్ట్రాప్స్ ఉండే రకం) వేసుకుని ఇప్పటికి సుమారు 11,000 కిలోమీటర్లు తొక్కాను. ఇప్పుడెవరైనా సలహా అడిగితే ప్యాడ్ గురించి రెండు ముక్కలు చెప్పి, పట్టీ గురించి అరగంట మాట్లాడుతున్నాను. ఆ మాట ఎత్తగానే ఇంట్లోవాళ్లు లేచి పక్కగదిలోకి వెళ్లిపోతున్నారు కాబట్టి ఇలా రాసుకోవాల్సి వచ్చింది.

కంపెనీ పేరు చెప్పడం లేదు. చెప్పబోయే కథలో సగం తప్పు నాదేనని తేలింది కనుక పేరు పెట్టి తిట్టడం న్యాయం కాదు.

ముందు మంచి మాటలు చెప్పేస్తాను. దీనికి ముందు నేను వాడింది నడుముకు ఎలాస్టిక్ ఉండే మామూలు రకం. అందులో జెల్ ప్యాడ్ చిన్న దిండులా ఉండేది. మొదటి గంట పరుపు మీద కూర్చున్నట్టే. రెండో గంట దాటేసరికి తిమ్మిరి. దిండు పెట్టుకుని కూడా తిమ్మిరేమిటని చాలా రోజులు బుర్ర గోక్కున్నాను. సంగతేమిటంటే, సైకిల్ మీద మన బరువు మోయాల్సింది పిరుదుల కింద చేతికి గట్టిగా తగిలే రెండు ఎముకలు. ప్యాడ్ మరీ మెత్తగా ఉంటే ఆ ఎముకలు అందులో దిగబడతాయి. అప్పుడు మధ్యలో ఉన్న మెత్తదనమంతా పైకి ఉబ్బి, నరాలూ రక్తనాళాలూ ఉన్న చోట ఒత్తుతుంది. బురదలో కాలు పెడితే వేళ్ల సందుల్లోంచి మట్టి పైకి వచ్చినట్టు.

ఈ బిబ్ షార్ట్స్‌లో ప్యాడ్ చూడ్డానికి పలచనే. కానీ ఫోమ్ గట్టిది. రెండు వేళ్ల మధ్య పెట్టి ఎంత నొక్కినా వేళ్లు కలిసినట్టు అనిపించదు. ఎముకలు ఆనే చోట కాస్త మందం, ముందుకు వచ్చేకొద్దీ పలచన, అంచులకొచ్చేసరికి బట్టలో కలిసిపోయేంత సన్నం. ఐదు గంటలు తొక్కి సైకిల్ దిగి, మామూలు మనిషిలా నడిచి లోపలికి వెళ్లిన మొదటి రోజు నాకింకా గుర్తుంది. ఆ వారమంతా కనబడ్డ వాళ్లందరికీ ఇవే కొనుక్కోమని చెప్పాను. ఒకరిద్దరు కొన్నారు కూడా. వాళ్లకు నేనిప్పుడు కొంచెం దూరంగా ఉంటున్నాను.

భుజాల మీదుగా వెళ్లే స్ట్రాప్స్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. వంగి తొక్కేటప్పుడు పొట్ట మీద ఎలాస్టిక్ కోసుకోకపోవడం ఎంత సుఖమో ఒకసారి అలవాటైతే వెనక్కి వెళ్లలేం. ఒక్క మాట: వేసుకుని నిటారుగా నిలబడితే ఎవరో భుజాలు పట్టి కిందికి లాగుతున్నట్టు ఉంటుంది. నేను బిగుతని కంగారుపడి ఒక సైజు పెద్దది తీసుకోబోయాను. హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగితే ఆ లాగుడు పోయింది. ఇవి నిలబడడానికి కుట్టినవి కావు. అయితే నాతో కలిసి తొక్కే ఒక స్నేహితురాలికి బిబ్ మాటెత్తితేనే ఒళ్లు మంట. బాత్రూముకు వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా జెర్సీతో సహా విప్పాలి, అదీ చెమటతో ఒంటికి అతుక్కున్నప్పుడు. వెనక క్లిప్ ఉండేవో, స్ట్రాప్స్ సాగి కిందికి జారేవో దొరికితే తప్ప ఆ జోలికి రానంటుంది. ఆమెతో వాదించను.

ఇక అసలు గొడవ.

రెండో ఏడు ఎండాకాలంలో 300 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువు లోపల పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్, మొదలుపెట్టాను. గడువు 20 గంటలు. అప్పటికి ఈ షార్ట్స్‌తో 200 రెండుసార్లు పూర్తిచేశాను, కాబట్టి కూర్చునే విషయంలో టెన్షన్ అసలు లేదు. లైట్ల బ్యాటరీ గురించి, మోకాలి గురించి భయపడ్డాను కానీ షార్ట్స్ గురించి కాదు. ఎండ గట్టిగా ఉంటుందన్నారని సన్‌స్క్రీన్ కొన్నాను. తెల్లవారకముందే లేచి, పాదాల నుంచి పైదాకా కాళ్లకు శుభ్రంగా పట్టించి, దాని మీదే షార్ట్స్ ఎక్కించాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. నాకైతే అర్థం కావడానికి నెల పట్టింది.

మొదటి 80 కిలోమీటర్లు హాయిగా గడిచాయి. 110 దగ్గర కుడి కాలి అంచు కొంచెం పైకి జరిగినట్టు అనిపించింది. లాగాను. పది నిమిషాలకు మళ్లీ జరిగింది. మళ్లీ లాగాను. 130 వచ్చేసరికి పట్టీ నాలుగు వేళ్లు పైకి పోయింది. తొడ మీద ఎండకు నల్లబడిన చోటుకూ తెల్లటి చోటుకూ మధ్య గీత కనిపిస్తోంది. అంచు పైకి పోతే పోయింది, దానికీ కూర్చునే చోటుకూ సంబంధమేమిటి అనుకుంటాం. ఉంది. షార్ట్స్ బట్ట కింది నుంచి తొడ పట్టీ, పై నుంచి స్ట్రాప్స్ లాగిపడితేనే బిర్రుగా నిలుస్తుంది. ప్యాడ్ ఆ రెండు లాగుళ్ల మధ్య ఉంది. కింది పట్టు వదిలేసరికి బట్టంతా గజ్జల దగ్గరికి వచ్చి చేరింది. ప్యాడ్ కుడి అంచు, అదే నేను ఇందాక పొగిడిన సన్నటి అంచు, మడతపడింది. సన్నగా ఉంది కాబట్టే అంత సులువుగా మడతపడింది.

మడత అంటే ఎంతని. పుల్లంత లావు ఉంటుందేమో. కానీ నిమిషానికి 85 సార్లు తొక్కితే గంటకు 5,000 పైమాటే. ఇంకా ఎనిమిది గంటలు తొక్కాలి. చెమటకు నానిన చర్మం మీద అదే పుల్ల, అదే చోట, 40,000 సార్లు.

190 దగ్గర ఆగినప్పుడు తెలివైన పని చేస్తున్నాననుకుని, చర్మం ఒరుసుకోకుండా సైక్లిస్టులు వాడే షామీ క్రీమ్ దండిగా రాశాను. మడత దగ్గరే కాదు, ఒరుసుకుంటుందేమోనని తొడ పైభాగం మొత్తానికి. అగ్నిలో ఆజ్యం. పట్టీ ఇప్పుడు కొంచెం కూడా ఆగడం లేదు, రెండు కాళ్లకూ జారుతోంది. తర్వాత చేతిరుమాలు చింపి అంచు మీద గట్టిగా కట్టాను. పది కిలోమీటర్లకు కాలు మొద్దుబారితే విప్పేశాను. చివరి 40 కిలోమీటర్లలో ఎంత దూరం కూర్చున్నానో, ఎంత దూరం పెడల్స్ మీద లేచి నిలబడి తొక్కానో నాకే తెలీదు. 19 గంటల 10 నిమిషాలకు చేరాను. అందరూ అభినందిస్తూ కూర్చోమని కుర్చీ చూపిస్తున్నారు. వద్దండీ, నిలబడతాను అన్నాను.

కుడి గజ్జలో చర్మం చిరుగులా లేచిపోయింది. దాని పక్కన ఒక గడ్డ. పన్నెండు రోజులు సైకిల్ ముట్టలేదు. ఆ పన్నెండు రోజులూ ఈ షార్ట్స్‌ను తిట్టని పూట లేదు. ఏడాదిన్నరకే పట్టీ పాడైపోయింది, నాసిరకం సరుకు అని తీర్మానించేశాను.

నెల తర్వాత, ఉతికినవి వేరే ఏవీ లేక, ఒకరోజు పొద్దున్నే దాన్నే వేసుకుని వెళ్లాను. రెండు గంటలు తొక్కినా పట్టీ వెంట్రుకవాసి జరగలేదు. అప్పుడు అనుమానం వచ్చింది. తర్వాతి ఆదివారం ఎడమ కాలికి పైదాకా సన్‌స్క్రీన్ రాసి, కుడి కాలిని పొడిగా వదిలేసి బయల్దేరాను. పదిహేను కిలోమీటర్లు తిరక్కుండానే ఎడమ అంచు పైకి పాకింది. కుడిది కదలలేదు. రోడ్డు పక్కన సైకిల్ ఆపి నా రెండు తొడలనూ మార్చి మార్చి చూసుకుంటుంటే వెళ్లేవాళ్లు ఏమనుకున్నారో మరి.

సిలికాన్ పొడి చర్మానికి అతుక్కున్నంత గట్టిగా జిడ్డు చర్మానికి అతుక్కోదు. సన్‌స్క్రీన్, లోషన్, నూనె, షామీ క్రీమ్, ఏదైనా ఒకటే. క్రీమ్ మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. షామీ అనేది ఐరోపా కొండల్లో తిరిగే మేకలాంటి జంతువు పేరు. వెనకటి రోజుల్లో ఉన్ని షార్ట్స్ లోపల దాని తోలే కుట్టేవాళ్లు. ఉతికి ఆరేస్తే ఆ తోలు అట్టలా బిగుసుకుపోయేది, మెత్తబడడానికి క్రీమ్ రాసేవాళ్లు. తోలు పోయి కృత్రిమ ప్యాడ్ వచ్చాక మెత్తబరచాల్సిన వస్తువే లేదు. ఇప్పుడు క్రీమ్ పని చర్మం ఒరుసుకోకుండా చూడడం, అంతే. ఒరుసుకునే చోటు మీకు తెలిస్తే అక్కడ వేలితో కొంచెం రాసుకుంటే చాలు. నేను గోడకు సున్నం వేసినట్టు వేశాను.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ముందు షార్ట్స్ వేసుకుంటాను, తర్వాత అంచుకు నాలుగు వేళ్ల కింద నుంచి సన్‌స్క్రీన్ మొదలుపెడతాను. ఇంటికొచ్చాక ఉతికేటప్పుడు పట్టీని బయటికి తిప్పి సబ్బునీళ్లతో వేళ్లతో రుద్దుతాను. తప్పంతా నాదే అని ఒప్పుకుని షార్ట్స్‌కు మనసులో క్షమాపణ కూడా చెప్పుకున్నాను.

ఆ క్షమాపణ మూడో ఏడు కొంత వెనక్కి తీసుకున్నాను. క్రీమ్ చుక్క కూడా తగలకపోయినా పట్టీ జరగడం మొదలైంది. దగ్గరగా చూస్తే సిలికాన్ చుక్కలు కుడివైపు అక్కడక్కడా ఊడిపోయాయి, అంచు ఎలాస్టిక్ వదులైంది. అదే వయసున్న స్ట్రాప్స్‌కు, కుట్లకు ఏమీ కాలేదు. అన్నిటికన్నా ఎక్కువ పనిచేసే భాగాన్నే అన్నిటికన్నా పలచగా పెట్టారు. మళ్లీ ఇందులోనూ నా పాలు ఉంది. మొదటి ఏడాది మంచి వాసన కోసం ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేసి, వేడి డ్రయ్యర్‌లో ఆరబెట్టాను. సాగే దారానికీ ఫోమ్‌కీ వేడి పడదని లోపలి లేబుల్ మీద రాసే ఉంది. లేబుల్ గుచ్చుకుంటోందని మొదటి రోజే కత్తిరించేశాను.

ప్యాడ్‌ను పొగిడానే, అక్కడా ఒక విషయం దాచకూడదు. షార్ట్స్ కొన్న నెలలోనే శాడిల్ కూడా మార్చాను, పాతదానికన్నా కొంచెం వెడల్పుది. ఎత్తు కూడా కొద్దిగా తగ్గించాను. అంతకుముందు సీటు ఎత్తు ఎక్కువై, పెడల్ అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగేది. కాబట్టి తిమ్మిరి పోయిన ఘనతలో ప్యాడ్ వాటా ఎంతో, శాడిల్ వాటా ఎంతో విడదీసి చెప్పలేను. అప్పట్లో మొత్తం ప్యాడ్ ఖాతాలోనే వేశాను. పైగా ఇప్పుడు ఎముకలు ఆనే చోట ఫోమ్ అణిగిపోయింది. మూడు గంటల వరకు పాతంత బాగుంది, ఆపైన లేచి లేచి కూర్చోవాల్సి వస్తోంది.

మళ్లీ ఇదే కొంటానా అంటే, నేను 68 కిలోలు, ఎక్కువసేపు వంగి తొక్కుతాను, నెలకు రెండు పెద్ద రైడ్లు, మిగతావి గంటన్నర లోపు. నాలాంటి వాళ్లయితే గట్టి ఫోమ్ వైపు చూడమంటాను. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్లకు బరువు ఇంకా వెనక్కి పడుతుంది, వాళ్లకు వెనక మందం ఎక్కువున్న ప్యాడ్ నప్పుతుందేమో. తొడలు నాకన్నా లావుగా ఉన్నవాళ్లకు పట్టీ అసలు జరగకపోవచ్చు, లేదా కోసుకుపోవచ్చు. వేసుకుని, ఇరవైసార్లు గుంజీలు తీసి, అంచు ఎక్కడుందో చూడండి. ట్రయల్ రూములో గుంజీలేమిటని సిగ్గుపడకండి, గజ్జల్లో పుండుతో 110 కిలోమీటర్లు తొక్కడం కన్నా నయం.

రెండు నెలల కిందట వేరే రకం తీసుకున్నాను. అందులో సిలికాన్ చుక్కలు లేవు, అరచేయంత వెడల్పున్న మెత్తటి పట్టీ తొడను చుట్టూ సమంగా పట్టుకుంటుంది. ఇప్పటికి బాగుంది. పాతదానికీ రెండో నెలలో ఇదే రాసేవాణ్ణి కాబట్టి దీని గురించి ఇంకేం చెప్పను.

పాతదాన్ని పారేయలేదు. ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ను ఉన్నచోటే నిలబెట్టి తొక్కే స్టాండు మీద, తొక్కేటప్పుడు వేసుకుంటున్నాను. అక్కడ ఎండ లేదు, క్రీమ్ లేదు, గంటకు మించి కూర్చునేదీ లేదు. అయినా కుడి అంచు ఒక వేలు పైకి జరుగుతూనే ఉంది, నేను లాగుతూనే ఉన్నాను.