వాషింగ్టన్ డీసీ నంబర్ ప్లేటు: నాకైతే మూడు స్టార్లు

రేకు గట్టిది. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి కూడా రంగు పోలేదు. మధ్యలో డీసీ జెండాలోని మూడు నక్షత్రాలు, రెండు అడ్డగీతలు చూడముచ్చటగా ఉన్నాయి. కారుకి ముందూ వెనకా రెండూ బిగించాల్సిందే.

అసలు సరుకు అడుగున ఉన్న నినాదం: ‘ఎండ్ టాక్సేషన్ వితౌట్ రిప్రజెంటేషన్’. డీసీ అమెరికా రాజధానే గానీ రాష్ట్రం కాదు; పన్ను తీసుకుంటున్నారు, కాంగ్రెస్‌లో (అమెరికా పార్లమెంటు) మా తరఫున ఓటేసేవాడేడీ అని. 2000లో మొదలైంది, ‘ఎండ్’ తర్వాత చేర్చారు. క్లింటన్ దిగిపోయే ముందు అధ్యక్షుడి కారుకి పెట్టించాడు, బుష్ పీకించాడు, ఒబామా 2013లో మళ్ళీ పెట్టించాడు. నినాదం ఊరేగింది గానీ పని జరగలేదు. ఒక స్టార్ అక్కడే కోశాను.

మేం పక్కనే వర్జీనియా రాష్ట్రంలో ఉన్న ఆర్లింగ్టన్ నుంచి పొటోమాక్ నది దాటి ఇటొచ్చాం. వంతెన దాటేసరికి ప్రతి రాష్ట్రానికీ ఉండే ఇద్దరు సెనేటర్లు (పైసభ సెనేట్ సభ్యులు) పోయారు, ఫెడరల్ పన్ను మాత్రం డాలరు తగ్గలేదు. ఆర్లింగ్టన్ కూడా ఒకప్పుడు డీసీలోదే, 1846 చట్టంతో వర్జీనియాకి తిరిగిచ్చేశారు. అదృష్టవంతులు! దిగువ సభైన ప్రతినిధుల సభలో మాకో డెలిగేట్ ఉంటారు. మాట్లాడొచ్చు, కమిటీలో ఓటెయ్యొచ్చు, సభలో బిల్లు మీద తుది ఓటు లేదు. అధ్యక్షుడికి ఓటు కూడా 1961 నాటి 23వ రాజ్యాంగ సవరణ పుణ్యమే. 2020 లెక్కల్లో ఇక్కడి జనం 6,89,545. అంతకంటే తక్కువున్న వ్యోమింగ్ రాష్ట్రానికి ఇద్దరు సెనేటర్లు. పైగా మా నగర కౌన్సిల్ చేసిన చట్టాన్ని కాంగ్రెస్ కొట్టేయొచ్చు; 2023లో కొత్త క్రిమినల్ కోడ్ అలాగే పోయింది.

2016లో ఇక్కడ ఓటేసినవాళ్ళలో దాదాపు 86 శాతం డీసీ రాష్ట్రం కావాలన్నారు. ప్రతినిధుల సభ 2020లో, 2021లో సరేనంది. సెనేట్‌లో కదల్లేదు. (మాకు మనిషే లేనిదీ అక్కడే.)

మా మరిది హెచ్‌వన్‌బీ మీద ఇక్కడే ఉన్నాడు. పౌరులు కానివాళ్ళూ ఊరి ఎన్నికల్లో ఓటెయ్యొచ్చని డీసీ చట్టం, 2024లో అలా కౌన్సిల్‌కి ఓటేసొచ్చాడు. “వదినా, నువ్వు సిటిజన్‌వి, నేను వీసా మీదున్నా. సెనేట్ దగ్గర మాత్రం ఇద్దరం ఒకటే” అని ఒకటే నవ్వు.

ప్లేటు బాగా పనిచేసేది పార్కింగ్‌లో. పక్క రాష్ట్రం మేరీలాండ్‌లోని లాన్‌హమ్ శివవిష్ణు గుడి దగ్గర ఒక పెద్దాయన వంగి చదివి, “ఏమ్మా, పన్ను కట్టనంటున్నావా?” అన్నారు. మొత్తం చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “మన ఢిల్లీ కూడా పూర్తి రాష్ట్రం కాదు కదమ్మా. అయినా లోక్‌సభకి ఏడుగురు, రాజ్యసభకి ముగ్గురు వెళ్తారు, అందరికీ ఓటుంది” అన్నారు.