మైనస్ 80 ఫ్రీజర్: కొత్తగా ల్యాబ్ పెట్టేవాళ్ల కోసం

అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి సొంత గ్రూప్ మొదలుపెట్టాక కొన్న మొదటి పెద్ద వస్తువు ఈ ఫ్రీజరే, శాంపిళ్లను మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాచేది. కంపెనీ పేరు వద్దులెండి. పరిశోధనలకు డబ్బులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ వాళ్ల ఎర్లీ కెరీర్ గ్రాంట్ అంటే మూడేళ్లకు 60 లక్షల దాకా. వినడానికి పెద్ద మొత్తమే, కొటేషన్లు తెప్పిస్తే తెలుస్తుంది ఎంత తొందరగా కరిగిపోతుందో.

ఫ్రీజర్ మాత్రం మంచిది. హైదరాబాద్ మే ఎండల్లోనూ చల్లదనం తగ్గలేదు. కరెంటు పోతే బ్యాటరీ అలారం మోగుతుంది. మా బ్యాక్టీరియా గ్లిసరాల్ స్టాకులకి (గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించి దాచే బ్యాక్టీరియా) మైనస్ 70 చాలు, అలా పెడితే కరెంటు కూడా ఆదా. పక్క ల్యాబ్ సీనియర్‌ని తన ఫ్రీజర్‌లో ఒక అర కోసం బతిమాలే బాధ తప్పింది.

చిరాకంతా కొటేషన్‌లో కనపడని ఖర్చులతోనే. ర్యాకులు విడిగా, స్టెబిలైజర్ విడిగా. ఫ్రీజర్ వదిలే వేడికి చిన్న గదిలో ఏసీ తప్పదు. లిఫ్ట్ తలుపు కొలత ముందే చూసుకోండి; మాది మెట్ల మీదుగా ఎక్కించారు, కూలి నా జేబులోంచే. సీలు దగ్గర మంచు పేరుకుంటే తలుపు సరిగా పడదు. శనివారాలు దాన్ని తుడిచే డ్యూటీ పీహెచ్‌డీ పిల్లలకు వేశాను, గొణుక్కుంటూనే చేస్తున్నారు.

సర్వీస్ ఇంజినీర్ ఫోన్ ఎత్తుతాడు, వస్తాడు కూడా. వారంటీ అయ్యాక ఏఎంసీ (ఏడాదికోసారి కట్టే మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) రేటెంతో ఆర్డర్‌లోనే రాయించుకోండి. ఐదుకి నాలుగు స్టార్లు.