మంగళగిరి నేత కాటన్: ఆరేళ్లు తొడిగి, ఉతికి, మాసికలు వేయించాక

నా నీలం కుర్తాకి ఆరేళ్లు నిండాయి. 2019 జూన్‌లో మంగళగిరి వెళ్లి కొన్న గుడ్డ అది. 80 కౌంటు నూలు (కౌంటు ఎక్కువైన కొద్దీ పోగు సన్నం), గుడ్డ మధ్యలో ఏ డిజైనూ లేదు, అంచున సన్నటి జరీ, దాన్ని నిజాం అంచు అంటారు. వారానికి ఒకసారైనా అది వేసుకునే బ్యాంకుకి వెళ్తాను, అంటే ఈపాటికి మూడు వందల సార్లు ఉతికి ఉంటాం. మొన్న ఆదివారం కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశాను. కుడి మోచేతి దగ్గర పడుగు పోగులు, అంటే నిలువు పోగులు అరిగి తెగిపోయాయి, అడ్డంగా నేసే పేక పోగులు మాత్రం నిచ్చెన మెట్లలా మిగిలాయి. మెడ వెనక రంగు కాస్త వెలిసింది. మిగతా బట్టంతా కొన్ననాటికంటే మెత్తగా ఉంది. గుడ్డ కొత్తలో ఒంటికి కొంచెం గరుకుగా తగులుతుంది, పది ఉతుకులు పడ్డాకే అసలు సుఖం తెలుస్తుంది. కొని నెల తిరక్కుండా రాసే అభిప్రాయాలతో ఈ సంగతి బయటపడదు, అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

అంతకుముందు నేనూ అందరిలాగే ఫోన్లో చూసి కొనేదాన్ని. పండక్కి రెండు, ఆఫర్ ఉంటే మూడు. చివరగా కొన్నది 499 రూపాయల కుర్తా. ఐదో ఉతుక్కి చంకల్లో, పక్కల్లో ఉండలు కట్టింది. మే నెలలో ఆటో దిగేసరికి వీపుకి అతుక్కుపోయేది, ఉతికి ఆరేసినా చెమట వాసన వదిలేది కాదు. పన్నెండు సార్లకి మించి వేసుకోలేకపోయాను. దాని కుట్టులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాను. ముడుచుకుపోయి, కరిగి, నల్లటి గట్టి పూసలా గడ్డకట్టింది. నీలం కుర్తా పోగు కాగితంలా కాలి బూడిదైంది. ఆ పూస ఇప్పటికీ నా సొరుగులో ఉంది. అలాంటి పాలియెస్టర్ బట్ట ఉతికిన ప్రతిసారీ కంటికి ఆనని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలిసి మురుక్కాలవలోకి పోతాయి. ఆ సంగతి తెలిశాక మళ్లీ కొనబుద్ధి కాలేదు.

లెక్క కూడా చెప్తాను. రెండున్నర మీటర్ల గుడ్డ అప్పట్లో ఏడు వందలు, కుట్టుకూలి నాలుగు వందల యాభై. మొత్తం 1,150. మూడు వందల సార్లు వేసుకున్నానంటే ఒక్కోసారికి నాలుగు రూపాయలు కూడా పడలేదు. ఆ 499 కుర్తాకి ఒక్కోసారికి నలభై దాటింది. నేత బట్ట ఖరీదెక్కువ అనేవాళ్లని ఈ లెక్క ఒక్కసారి వేసి చూడమంటాను. కాకపోతే 1,150 ఒకేసారి తీయడం అందరివల్లా కాదు. నేను కూడా ఏడాదికి రెండు జతలు మాత్రమే కొనగలిగాను. అయితే రెండు కొంటే సరిపోతుందని తెలిసింది కూడా అలాగే.

ఇక లోపాలు. మొదటి కుర్తా గుడ్డ తడపకుండానే కుట్టించాను. మొదటి ఉతుక్కే చేతులు అంగుళం పైకి లేచాయి, పొడుగు కూడా తగ్గింది. మా టైలర్ మాస్టారు అంచు మడత విప్పి కొంత సర్దారు గానీ ఇప్పటికీ చేతులు పొట్టే. అప్పట్నుంచి గుడ్డ తేగానే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, అప్పుడే కుట్టుకిస్తున్నాను. "లోపల కుట్టు వెడల్పుగా వదలండి మాస్టారూ" అని ప్రతిసారీ చెప్తాను. ఒళ్లు వచ్చినా తగ్గినా అది పనికొస్తుంది. చాలా రెడీమేడ్ కుర్తాల్లో ఆ కుట్టు బాగా సన్నం, విప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

రంగు దిగుతుంది. ఎరుపు, నీలం, నలుపు మొదటి మూడు ఉతుకులు విడిగా ఉతకాల్సిందే. గుప్పెడు కళ్లుప్పు వేసిన నీళ్లలో నానబెట్టమని అమ్మినాయన చెప్పాడు, అలాగే చేశాను. తర్వాత కుంకుడురసం, తిరగేసి నీడన ఆరేయడం, అంతే. ముడతలు మాత్రం తప్పవు. గంజి పెట్టి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే సాయంత్రం దాకా నిలబడుతుంది. ఆ గంజి బట్టనే వానాకాలమంతా బీరువాలో ఉంచితే పురుగు కొడుతుంది. నా గులాబీరంగు దుపట్టా అలాగే చిల్లులు పడింది. దాచేముందు గంజి పోయేలా ఉతికి పెట్టాలని ఆ దుపట్టా పోయాకే తెలిసింది. పొద్దున్నే ఇస్త్రీకి పది నిమిషాలు లేనివాళ్లు ఈ బట్టతో ఇబ్బంది పడతారు. ఆ మాట దాచి పొగడటం నాకిష్టం లేదు.

నేత అనగానే సహజ రంగులు అనుకోవద్దు. మంగళగిరిలో నేను కొన్నవన్నీ రసాయన రంగులే. సహజ రంగులే కావాలంటే పెడన కలంకారీలో అసలైనవి వెతుక్కోవాలి: కరక్కాయలో నానిన గుడ్డ, బెల్లంతో తుప్పుపట్టిన ఇనుము పులియబెట్టి తీసిన నలుపు, పటికతో పట్టే ఎరుపు. కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింట్లు కుప్పలుగా దొరుకుతాయి కాబట్టి అడిగి, చూసి కొనాలి. పత్తి కూడా పాపం లేని పంటేమీ కాదు. మా అమ్మ వాళ్లది గుంటూరు వైపు పల్లె. పత్తిచేలో ముక్కుకి గుడ్డ కట్టుకుని మందు కొట్టేవాళ్లని చూస్తూ పెరిగాను. అంత నీరు, అంత మందు తాగి పెరిగిన పత్తి పోగుని కూడా ఆ 499 కుర్తాలా పన్నెండు సార్లకే పారేయడం నాకు తప్పనిపిస్తుంది.

మంగళగిరిలో ఒక ఇంట్లో గుంట మగ్గం మీద ఒకాయన నేస్తుంటే కూర్చుని చూశాను. ఆయన కాళ్లు గుంటలో, చెయ్యి పేక పోగుని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె మీద. పక్కన ఆవిడ రాట్నం మీద కండెలు చుడుతోంది. ఒక పోగు తెగింది. ఆయన మగ్గం ఆపి, రెండు కొసలూ వేళ్ల మధ్య మెలిపెట్టి అతికి, మళ్లీ మొదలుపెట్టాడు. అదంతా పట్టుమని పది సెకన్లు. "చీరకి మజూరీ ఇంతని ఇస్తారమ్మా, నూలు మాది కాదు" అన్నాడు. నేను కొట్లో ఇచ్చే డబ్బంతా ఆయనకి చేరదని ఆ రోజు అర్థమైంది. అందుకే వీలైతే సహకార సంఘంలోనో, నేసేవాళ్ల దగ్గరో కొంటాను. బేరం మానేశాను.

దీన్ని చవక రెడీమేడ్ బట్టలతో పోల్చి చూడండి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా అనే బట్టల ఫ్యాక్టరీల భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడల్లో బీటలు కనపడ్డాయి, అయినా కుట్టుపనివాళ్లని లోపలికి పంపారు. అక్కడ కుట్టినవి విదేశాల్లోని పెద్ద పెద్ద కంపెనీల బట్టలు. ధర అంత తక్కువెలా వస్తుందని అడగడం నేను అప్పుడే మొదలుపెట్టాల్సింది. ఆరేళ్లు ఆలస్యం చేశాను.

మోసపోయిన సంగతీ చెప్పాలి. ఊళ్లో ఒక షాపులో "స్వచ్ఛమైన నేత, పర్యావరణానికి మేలు" అని అట్ట తగిలించిన గుడ్డ, మామూలు మంగళగిరి ధరకి రెట్టింపు పెట్టి కొన్నాను. ఇంటికొచ్చి పోగు అంటిస్తే సగం కాలింది, సగం పూస కట్టింది. తీసుకెళ్లి చూపిస్తే "ఈ రోజుల్లో అందరూ కలుపుతారు మేడమ్" అన్నారు, డబ్బు వెనక్కివ్వలేదు. అప్పట్నుంచి చేత్తో నేసిన బట్ట అని చెప్పే, 2006లో కేంద్రం తెచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ ఉందా అని చూస్తున్నాను. పోగులో కల్తీ సంగతి అది చెప్పదు కాబట్టి, కొనేముందే అంచునుంచి ఒక పోగు అడిగి తీసుకుంటున్నాను. ఇవ్వనన్న కొట్లోంచి లేచి వచ్చేస్తాను.

మంగళగిరి కాక నా దగ్గర మల్ఖా అనే ఇంకో రకం చేనేత నూలు గుడ్డ కుర్తాలు రెండున్నాయి. దాని పత్తిని మిల్లుల్లోలా బేళ్లుగా అదిమి గట్టిపరచరు, అందుకే నూలు మెత్తన. చలికాలం పొద్దున కూడా హాయిగా ఉంటుంది, ఖరీదు మాత్రం ఇంకాస్త ఎక్కువ. నాన్నకి పొందూరు ఖద్దరు పంచె ఉంది. వాలుగ చేప దవడతో పత్తిని ఏకుతారని ఆయన ఎవరొచ్చినా చెప్తారు. పెళ్లిళ్లకి తప్ప తీయరు కాబట్టి దాని మన్నిక గురించి నేనేమీ రాయలేను.

నీలం కుర్తా మోచేతికి మాసిక వేయించడానికి నిన్న మాస్టారికిచ్చాను. అమ్మ ఊరుకోలేదు. "ఇక దాన్నొదిలెయ్యవే, బొంతకి పనికొస్తుంది" అంది. మా చెల్లికి డిసెంబరులో కాన్పు. అమ్మ పాత నేత చీరలు రెండు అప్పుడే వేరుగా తీసి పెట్టింది, పొత్తిగుడ్డలకి. కుర్తా నడుం పైభాగం చిరిగేదాకా నేనే వేసుకుంటానని, కింద ఘేరు మాత్రం బొంత కోసం తనదేనని ఒప్పందం కుదిరింది.