మోకాళ్ల నొప్పులున్నవాళ్లు హైడెల్‌బర్గ్ పోవాలంటే

నేను ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను. నెల్లూరు బస్టాండులో వచ్చే బండీ పోయే బండీ టైము రాసుకుంటూ సర్వీసంతా గడిపినవాణ్ణి. ఏ ఊరు పోయినా నా కళ్లు ముందు వెతికేది మూడే: బస్సు ఎక్కడ ఆగుతుంది, మరుగుదొడ్డి ఎక్కడుంది, కూర్చోడానికి అరుగుందా. మా ఆవిడకి రెండు మోకాళ్లూ అరిగాయి. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకుని ఇది చదవండి. మా కోవూరు నుంచి నాలుగైదు ఇళ్ల పిల్లలు జర్మనీలో ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలు ఒక్కొక్కరే ఫోన్ చేసి "అన్నా, ఆ హైడెల్‌బర్గ్ ఎట్టుంది, పోవచ్చా" అని అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెబుదామని రాస్తున్నా.

మావాడు వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. అక్కడి నుంచి హైడెల్‌బర్గ్ రైల్లో పావుగంట. మే నెలాఖరు శనివారం పోయాం. రెండు గంటలు గైడుతో నడిచి పాత ఊరు చూసే టూరు ఒకటి వాడే బుక్ చేశాడు. ఆ కంపెనీ పేరు రాయను, ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది.

మొదటి తప్పు మాదే. రైలు స్టేషను పాత ఊళ్లో ఉంటుందనుకున్నాం. రెండు కిలోమీటర్లకు పైనే ఉంది. మధ్యలో చూడ్డానికి ఏమీ లేదు, మామూలు రోడ్లు, ఆఫీసులు. "నడుద్దాం నాయనా, ఇదీ వాకింగే కదా" అన్నాడు మావాడు. టూరు మొదలయ్యే యూనివర్సిటీ చౌక్‌కి చేరేసరికి మా ఆవిడ మోకాలు సగం అయిపోయింది. మీరు అలా చేయకండి. స్టేషను బయటే బస్సు ఎక్కి రాట్‌హౌస్ బెర్గ్‌బాన్ అనే స్టాపులో దిగండి. కోటకి పోయే కొండ రైలు కూడా అక్కడే. బోర్డు మీద ఎంత టైము వేశాడో అంతకే వచ్చింది బస్సు. నాకు కొంచెం కుళ్లుగా కూడా అనిపించింది.

గైడు చదువుకునే పిల్ల. ఇంగ్లీషు నిదానంగా, మనకి అర్థమయ్యేట్టు మాట్లాడింది. యూనివర్సిటీ 1386లో పెట్టారట, జర్మనీలో అన్నిటికన్నా పాతది. ఆ మాట ఎవరైనా చెప్తారు. ఆ పిల్ల మాత్రం మమ్మల్ని పక్క సందులోకి తీసుకుపోయి విద్యార్థుల జైలు చూపించింది. రోజంతటిలో నాకు బాగా నచ్చినవి రెండు, అందులో ఇదొకటి.

అప్పట్లో స్టూడెంట్లు తప్పు చేస్తే ఊరి పోలీసులు కాదు, యూనివర్సిటీయే శిక్ష వేసేదట. 1914 దాకా ఇది నడిచింది. తప్పులు కూడా ఏం తప్పులనుకున్నారు? రాత్రి తాగి గోల చేయడం, పోలీసుని తిట్టడం, కత్తులతో పందేలు, ఊళ్లో పందుల్ని వదిలేయడం. మూడు రోజుల నుంచి నాలుగు వారాల దాకా లోపలేసేవాళ్లు. మొదట్లో రొట్టె, నీళ్లు. ఆ తర్వాత బయట నుంచి తిండి తెప్పించుకోవచ్చు, క్లాసులకి కూడా పోయి రావచ్చు! అందుకే ఒకసారన్నా జైలుకి పోకుండా చదువు ముగిస్తే నామోషీ అనుకునేవాళ్లంట. మెట్ల దగ్గర నుంచి పైకప్పు దాకా అంగుళం ఖాళీ లేదు. కొవ్వొత్తి మసితో నల్లగా వేసుకున్న మొహాలు, నెత్తిన టోపీలు, పేర్లు, తేదీలు. గదులకి 'గ్రాండ్ హోటల్', 'పాలే రాయల్' అని పేర్లు పెట్టుకున్నారు. మరుగుదొడ్డికి 'సింహాసనం గది' అని పేరు. మా బస్సుల్లో సీట్ల వెనక పిన్నీసులతో పేర్లు చెక్కిన కాలేజీ పిల్లల్ని ఎంతమందిని తిట్టానో, వాళ్లందరూ గుర్తొచ్చారు. ఒక నూరేళ్లు ఆ సీట్లు దాచి ఉంటే మనమూ టికెట్ పెట్టేవాళ్లం.

ఇంతవరకు బ్రహ్మాండం. ఆ తర్వాతే ఇబ్బంది మొదలైంది. ఆ పిల్లకి పన్నెండు మంది టూరిస్టులు, రెండు గంటల టైము, చూపించాల్సిన చోట్లు పద్నాలుగు. కంపెనీవాళ్లు వేసిన షెడ్యూలు అది. మెయిన్ రోడ్డు హాప్ట్‌స్ట్రాసె మైలు పొడుగుంటుంది, కార్లు రావు, అది సుఖమే. పక్క సందుల్లో మాత్రం రాళ్లు పరిచిన బాట, రాయికీ రాయికీ మధ్య సందు. అరిగిన మోకాలికి ఆ ఎత్తుపల్లాలు ఒక్కొక్కటీ తెలుస్తాయి. పాసింజరు బస్సు ఎక్కాల్సిన వాళ్లని నాన్‌స్టాప్‌లో కుక్కినట్టు ఎక్కడా కూర్చోనివ్వలేదు. పరిశుద్ధాత్మ చర్చి ముందర మా ఆవిడ మెట్టు మీద కూలబడింది. ఆ చర్చి కథ వినదగ్గదే. క్యాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ కుదరక 1706లో చర్చి మధ్యలో గోడ కట్టేసి చెరో సగం వాడుకున్నారు, 1936లో గానీ ఆ గోడ తీయలేదు. ఆస్తి పంపకాల్లో ఇంటి మధ్య గోడ పెట్టుకున్న అన్నదమ్ముల్ని మా వీధిలోనే చూశా గానీ దేవుడింట్లో ఇదే మొదటిసారి. ఎదురుగా 1592లో కట్టిన రిట్టర్ హోటలుంది. 1693లో ఫ్రెంచివాళ్లు ఊరు తగలబెడితే నిలబడ్డ ఇల్లు అది. పైకి చూసి వచ్చేశాం.

ఇక నాకు బాగా నచ్చినవాటిలో రెండోది, పాత వంతెన. ఎర్ర ఇసుకరాయితో 1788కల్లా కట్టిన ఈ వంతెన ఆ చోట తొమ్మిదోదట. దానికి ముందున్నదాన్ని 1784 చలికాలంలో నదిలో గడ్డకట్టిన మంచు పగిలి, వరదతో వచ్చి గుద్ది పడగొట్టింది. 1945లో యుద్ధం చివర్లో జర్మన్ సైన్యమే పేల్చేస్తే మళ్లీ కట్టుకున్నారు. వంతెన దగ్గర రాతి మీద ఏ ఏడు వరద ఎంత దాకా వచ్చిందో గీతలు గీసి సంవత్సరాలు చెక్కారు. అన్నిటికన్నా పైన 1784 గీత. తల బాగా పైకెత్తి చూడాలి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగి, రైలు పట్టాలు గాల్లో వేలాడినప్పుడు నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయని మా మనవడు అడిగితే, మా ఇంటి గేటు మీద చెయ్యి పెట్టి చూపించా. ఆ గేటుకి కూడా పెయింటు వేసేశాం. చెక్కి పెట్టుకోవాలన్న ఆలోచన మాకు రాలేదు.

మే నెలలో ఆ నెక్కార్ నది నిండుగా ఉండటం చూసి మా ఆవిడకి ఆశ్చర్యం. పెన్నలో అప్పటికి నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కదా. మావాడు చెప్పాడు: సరుకుల ఓడలు తిరగడానికి నది పొడుగునా 27 చోట్ల లాకులు కట్టి నీళ్లు నిలబెట్టారట.

వంతెన మొగదల కంచు కోతి ఉంది, 1979లో పెట్టింది. చేతిలో అద్దం, తల లోపల డొల్ల. పిల్లలు అందులో తల దూర్చి ఫొటోలు దిగుతారు. అద్దం ముట్టుకుంటే డబ్బు, పక్కనున్న ఎలుకల్ని ముట్టుకుంటే సంతానం, వేళ్లు ముట్టుకుంటే మళ్లీ ఈ ఊరు రావడం. "మన రంగనాయకుల గుడి అద్దాల మండపంలో ఎన్ని అద్దాలున్నాయ్, ఇన్నేళ్లు చూసినా మనకేం డబ్బొచ్చిందని" అంటూ మా ఆవిడ అద్దం జోలికి పోలేదు, వేళ్లే పట్టుకుంది. అంతలో గైడు ముందుకు పోయింది. మేం పోలేదు. "నాయనా, మిస్సవుతాం" అని మావాడికి ఒకటే టెన్షన్. పోతే పోయిందిలే అని టూరు అక్కడే వదిలేసి, ఏటి ఒడ్డున గడ్డి మీద దుప్పటి పరిచి, ఇంట్లో కలిపి తెచ్చిన పులిహోర, పెరుగన్నం తిన్నాం. మాగాయ డబ్బా మూత తీస్తే పక్కన పడుకున్న కుర్రాళ్లు తలెత్తి చూశారు. అరగంట కూర్చున్నాక మోకాలు మాట విన్నది.

ఆ తర్వాత కోటకి పోయాం. పైకి 315 మెట్లున్నాయి, జోలికి పోవద్దు. కోట టికెట్‌లోనే కొండ రైలు రానూ పోనూ కలిసి ఉంటుంది. ఫ్రెంచివాళ్లు కూల్చగా మిగిలినదాని మీద 1764లో పిడుగు పడిందట. ఫ్రెంచివాళ్లు పేల్చిన ఒక బురుజు సగానికి చీలి, ఆ సగం ముక్క అట్లాగే కందకంలోకి ఒరిగి ఉంది. ఆరు మీటర్లకు పైగా మందమున్న గోడ, కోసిన జున్నుముక్క మాదిరి లోపలంతా కనపడుతుంది. అది చూడాల్సిందే. మిగతా కోట నాకంత గొప్పగా అనిపించలేదు. ఉదయగిరి కొండ ఎక్కినవాళ్లకి కూలిన గోడలు కొత్త కాదు. సెల్లారులో 1751 నాటి చెక్క పీపా ఉంది. రైతులు పన్ను కింద ఇచ్చే ద్రాక్షసారా పోసుకోవడానికి చేయించిందట, దాదాపు 2,20,000 లీటర్లు పడుతుంది. మా డిపోకి డీజిల్ తెచ్చే 12 వేల లీటర్ల ట్యాంకర్లు పద్దెనిమిది అందులో ఖాళీ చేసినా ఇంకా చోటుంటుంది. నేను లెక్క వేస్తుంటే మావాడు దూరంగా జరిగి నిలబడ్డాడు.

ఏటికి అవతల ఫిలాసఫర్ల బాట ఉంది, అక్కడి నుంచి కోటా వంతెనా ఒకే చూపులో కనపడతాయట. వంతెన దాటగానే దానికి పాము మెలికల మాదిరి నిట్టనిలువు మెట్ల దారి. మావాడొక్కడే పోయి ఫొటోలు తెచ్చాడు. మాకు అది చాలు.

జేబులో చిల్లర ఉంచుకోండి, కండక్టరు మాదిరి. మరుగుదొడ్లకి డబ్బులు కట్టాలి. హోటల్లో నీళ్లకీ కట్టాలి. తాగిన ప్లాస్టిక్ బాటిల్ పారేయకండి, సూపర్‌మార్కెట్లో మిషన్‌లో వేస్తే 25 సెంట్లు వెనక్కి వస్తాయి.

మర్నాడు ఆ టూరు కంపెనీవాళ్లు మావాడి ఫోనుకి రేటింగ్ అడుగుతూ మెసేజ్ పెట్టారు. ఐదుకి మూడు ఇమ్మన్నా. ఊరికి ఐదూ ఇస్తా గానీ, అరవై దాటినవాళ్లు కూడా టికెట్ కొంటారని తెలిసీ రెండు గంటల్లో ఒక్క బెంచీ దగ్గర కూడా ఆగని సర్వీసుకి మూడే ఎక్కువ. కామెంటులో అదే రాయించా. సాయంత్రం చూస్తే అందులో ఐదు నక్షత్రాలున్నాయి. "ఆ పిల్లకి జీతంలో కోస్తారేమోనని నేనే మార్పించా" అంది మా ఆవిడ, మోకాళ్లకి ఆయింట్‌మెంటు రాసుకుంటూ.