కారులోని మ్యాపుకు తొమ్మిది వేలా, జేబులోని ఫోను చాలా? విశాఖ దారుల్లో ఏది మేలు

ఆనందపురం దగ్గర అనకాపల్లి బైపాస్ ఎక్కిన ప్రతిసారీ మా కారు తెర మీద ఒకటే దృశ్యం. కారుకు గుర్తుగా ఉండే నీలం బాణం రోడ్డు మీద ఉండదు. దారీ తెన్నూ లేని ఆకుపచ్చ మైదానంలో ఒంటరిగా పాకుతూ పోతుంది. చక్రాల కింద ఆరు వరసల నున్నటి రోడ్డు, తెర మీద మాత్రం పొలాలు. వీలైన చోట వెనక్కి తిరగమని ఇంగ్లిషు గొంతు చెబుతూనే ఉంటుంది. పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి చేరే ఆ సుమారు 50 కిలోమీటర్లూ ఇదే వరస.

మా కారు 2018 నాటిది. మ్యాపూ అప్పటిదే. విశాఖలోని ఎన్ఏడీ కొత్తరోడ్డు కూడలి ఫ్లైఓవర్ అందులో లేదు. పాడేరు ఇంకా విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు దాని కేంద్రమైన సంగతి మా కారుకు తెలియదు. మొన్న సర్వీసుకు ఇచ్చినప్పుడు ఈ మాట చెబితే, "మ్యాపు అప్‌డేట్ చేయిస్తే అన్నీ వచ్చేస్తాయండీ, పన్నులతో కలిపి దాదాపు తొమ్మిది వేలు అవుతుంది" అన్నారు. పక్కనే ఉన్న మా బావగారు "చేతిలో ఫోను ఉండగా తొమ్మిది వేలు ఎందుకు?" అన్నారు. ఆయన మాట కాదనలేకపోయాను, వెంటనే ఒప్పుకోలేకపోయాను కూడా. మా అక్క అరకులో టీచరు. నెలకోసారైనా ఆ ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతాను. కాబట్టి నాకు ఇది ఊరికే ఆలోచించి వదిలేసే విషయం కాదు. రెండు పద్ధతులనూ మా దారుల మీదే పక్కపక్కన పెట్టి చూశాను.

ముందుగా ఆ తొమ్మిది వేలు దేనికి కడుతున్నామో తెలుసుకోవాలి. చాలామంది జీపీఎస్‌నూ మ్యాపునూ ఒకటిగా అనుకుంటారు. ఉపగ్రహాలు చెప్పేది మనం భూమి మీద ఎక్కడ ఉన్నామన్నది మాత్రమే. దానికి రుసుము లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ స్థానం ఏ రోడ్డు మీద పడుతుందో చెప్పేది మ్యాపు. అది కారు మెమరీలోనో, ఎస్‌డీ కార్డులోనో ఉంటుంది. మనం డబ్బు కట్టేది ఈ రెండో దానికి. ఒక సంస్థ మనుషులను, వాహనాలను పంపి రోడ్లు కొలిచి తయారు చేసిన సరుకు అది. దానికి ధర ఉండటం అన్యాయమేమీ కాదు. చిక్కల్లా ఆ సరుకు వయసుతోనే. రోడ్లు కొలిచి, కారు కంపెనీ తెరకు సరిపోయేలా మలిచి, పరీక్షించి, సర్వీసు సెంటరుకు చేర్చేసరికి నెలలు గడుస్తాయి. మనం కొత్తదనుకుని ఎక్కించుకునేది అప్పటికే కొంత పాతబడి ఉంటుంది.

మన దేశంలో చాలా కార్ల తెర వెనుక ఉన్నది మ్యాప్‌మైఇండియా మ్యాపే. 1995లో మొదలైన సంస్థ అది. అదే సంస్థ మ్యాపుల్స్ యాప్‌ను ఫోనులో ఎవరైనా ఉచితంగా పెట్టుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్ సంగతి చెప్పనక్కర్లేదు. మా కారునే మరో ఆరేళ్లు నడిపి, రెండేళ్లకోసారి అప్‌డేట్ చేయించాననుకుందాం. మూడుసార్లకు 27,000 రూపాయలు. ఫోను పద్ధతిలో నాకైన ఖర్చు ఒక మంచి కేబులు, ఒక హోల్డరు. రెండూ కలిపి వెయ్యి దాటలేదు. నెలనెలా వేయించే రీఛార్జి ఎలాగూ ఉన్నదే. దారి చూపడానికి ఫోను వాడుకునే డేటా, ఒక వీడియో చూస్తే ఖర్చయ్యే దాని ముందు లెక్కలోకి రాదు.

నగరం లోపల ఫోనుదే పైచేయి, ఇందులో రెండో మాట లేదు. సాయంత్రం ఆరు గంటలకు గాజువాక నుంచి మధురవాడ రావాలంటే నాకు కావలసింది రోడ్డు ఎక్కడుందన్నది కాదు, ఆ రోడ్డు ఇప్పుడు ఎలా ఉందన్నది. ఎన్ఏడీ దగ్గర ఆగిపోయిందా, హనుమంతవాక దగ్గర కదులుతోందా? ఫోను ఎర్రగీత గీసి చూపిస్తుంది, ఇంకా ఎన్ని నిమిషాలు పడుతుందో చెబుతుంది. నిన్ననే నవీకరించిన మ్యాపయినా, కారు బయటి ప్రపంచంతో మాట్లాడనంత కాలం ఈ పని చేయలేదు. పైగా గూగుల్ మ్యాప్స్‌లో తెలుగు గొంతు పెట్టుకోవచ్చు. మా అమ్మ పక్క సీటులో కూర్చుంటే, ఆ మాటలు విని తానే "ఎడమవైపట, చూసుకో" అని నాకు చెబుతుంది. ఇంగ్లిషు గొంతు ఉన్నన్నాళ్లూ ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. ఇది నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

ఫోనుకు లోపాలు లేకపోలేదు. మే నెల ఎండలో డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను పెనంలా కాలుతుంది. తెర వెలుగు తగ్గించుకుంటుంది, ఒక్కోసారి చల్లబడేదాకా పనిచేయనంటుంది. సరిగ్గా మలుపు దగ్గర ఫోన్ వస్తే తెర మీద మ్యాపు పక్కకు పోతుంది. ఇక చట్టం సంగతి. 2020 అక్టోబరు 1 నుంచి అమలైన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ ప్రకారం, బండి నడుపుతూ ఫోను వాడకం దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవరు దృష్టి చెదరని రీతిలో. ఒళ్లో పెట్టుకుని వంగి చూడటం ఏ రకంగానూ క్షేమం కాదు. అందుకే ఆండ్రాయిడ్ ఆటో, యాపిల్ కార్‌ప్లే ఉన్న కార్లవారు ఫోనులోని మ్యాపును కారు తెర మీదికి తెచ్చుకోవడమే మంచిది. ఫోను నీడన ఉంటుంది, పెద్ద తెర మీద దారి కనిపిస్తుంది. మీ కారులో ఈ సౌకర్యం ఉండీ వాడటం లేదంటే, అప్‌డేట్ గురించి ఆలోచించే ముందు ఒక కేబులు కొని చూడండి.

ఇంతవరకూ బావగారిదే గెలుపు. ఘాట్ ఎక్కాకే లెక్క మారింది.

అరకు దారిలో ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి కొండ మొదలయ్యాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అనంతగిరి మలుపుల్లో చాలాసేపు అసలుండదు. అయినా ముందే దారి పెట్టుకుని బయలుదేరితే గీత తెర మీద నిలిచే ఉంటుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. ఇబ్బంది ఆ గీత తప్పినప్పుడే. కిందటి నవంబరులో అరకు నుంచి పాడేరు, చోడవరం మీదుగా తిరిగి వస్తున్నాం. ముందురోజంతా వాన. పాడేరు దాటాక ఒకచోట రోడ్డుకు అడ్డంగా చెట్టు పడింది. గొడ్డళ్లతో కొమ్మలు నరుకుతున్న మనుషులు, "రెండు గంటలు పడుతుంది బాబూ, వెనక్కి పోయి పక్క ఊరి మీదుగా వెళ్లండి" అన్నారు. వెనక్కి తిప్పాను. ఫోను తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. కొత్త దారి వెతుకుతున్నానంటుంది, వెతకడానికి నెట్ లేదు. చుట్టూ మ్యాపు బూడిద రంగు గళ్లుగా మారింది. అప్పుడు కారులోని పాత మ్యాపు తెరిచాను. అక్కడ ఆ పక్క ఊరి రోడ్డు సన్నటి గీతగా ఉంది. అది మళ్లీ పెద్ద రోడ్డును ఎక్కడ కలుస్తుందో కూడా ఉంది. పావుగంటలో బయటపడ్డాం.

ఇంటికి వచ్చాక ఆలోచిస్తే విషయం తేటతెల్లమైంది. మన ప్రాంతంలో తొందరగా మారుతున్న రోడ్లన్నీ సిగ్నల్ పుష్కలంగా ఉన్న చోట్ల ఉన్నాయి. ఎన్ఏడీ, ఆనందపురం బైపాస్, భోగాపురం విమానాశ్రయం వైపు దారులు, సబ్బవరం దగ్గరకు వచ్చి కలిసే రాయపూర్ ఆర్థిక కారిడార్, అన్నీ అలాంటివే. సిగ్నల్ లేని కొండదారులేమో ఏళ్ల తరబడి అవే మలుపులతో ఉంటాయి. అంటే కొత్త మ్యాపు అవసరమైన చోట ఫోను పనిచేస్తుంది, ఫోను పనిచేయని చోట పాత మ్యాపే సరిపోతుంది. తొమ్మిది వేల రూపాయల అప్‌డేట్‌కు ఈ రెంటి మధ్య మిగిలే జాగా చాలా తక్కువ.

ఆ కొద్దిపాటి జాగాను కూడా ఉచితంగా పూడ్చే మూడో పద్ధతి ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఫోనులోకి మ్యాపును ముందే దించుకోవడం. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాపుల చోటుకు వెళ్లి పెట్టె గీస్తే, విశాఖ, పాడేరు, అరకు, అటు శ్రీకాకుళం దాకా ఒకే పెట్టెలో పడతాయి. ఇంట్లో వైఫై మీద దించుకుంటే డేటా ఖర్చు కూడా ఉండదు. ఇలా దించుకున్న మ్యాపు నెట్ లేకపోయినా దారి తప్పినప్పుడు కొత్త దారి వెతుకుతుంది. ట్రాఫిక్ మాత్రం చూపదు, నడక దారులు చెప్పదు. ఏడాదిలోగా తాజా చేసుకోకపోతే చెల్లకుండా పోతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ మరో దారి. అది పూర్తిగా నెట్ లేకుండా పనిచేయడానికే తయారైంది. ఇంటి నంబర్లు, దుకాణాల పేర్లు వెతకడంలో వెనుకబడినా, కొండల్లోని సన్న దారులను చూపడంలో నాకు బాగా పనికొచ్చింది. చెట్టు పడిన రోజున ఈ రెండింటిలో ఒకటి దించుకుని ఉంటే కారు మ్యాపు అవసరమే వచ్చేది కాదు.

అలాగని కారు మ్యాపును తీసిపారేయను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు ఇక్కడ ఉన్నవారికి చెప్పనవసరం లేదు. టవర్లు కూలి ఫోన్లు మూగబోయాయి, కరెంటు లేక ఉన్న ఫోను కూడా ఛార్జి అవలేదు. అలాంటి రోజున కారు బ్యాటరీతో నడిచే తెర, దాని యాంటెనా, దానిలోని పాత మ్యాపు మనతో ఉంటాయి. అది కారు కొన్నప్పుడే డబ్బు కట్టి తెచ్చుకున్న వస్తువు. మళ్లీ కట్టకుండానే దాన్ని ఉంచుకోవచ్చు.

డబ్బు కట్టడం సబబైన సందర్భాలూ ఉన్నాయి. మా మామయ్యగారు డెబ్బయ్యోపడి దాటినా సింహాచలానికి, ఆసుపత్రికి తానే కారు నడుపుకుని వెళతారు. చేతిలో బటన్ల ఫోనే. ఆయనకు ఎన్ఏడీ ఫ్లైఓవర్ మీద ఏ కొమ్మ గోపాలపట్నం వైపు దిగుతుందో తెర మీద కనిపించాలి. ఆయన కారుకు ఒకసారి చేయిద్దామని నేనే అన్నాను. మలుపు బాణాలు స్పీడోమీటరు పక్కన చూపే కార్లలో, ఛార్జింగు చోట్లను లెక్కలోకి తీసుకుని దారి వేసే కొన్ని విద్యుత్ కార్లలో కూడా సొంత మ్యాపుకు విలువ ఎక్కువ. పైన నేను చెప్పిన లెక్కకు ఒక మినహాయింపు కూడా వస్తోంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారిని విస్తరిస్తున్నారు. అది పూర్తయ్యాక ఏజెన్సీలో పాత మ్యాపును మునుపటిలా నమ్మలేం. అక్కడే రోజూ తిరిగేవారు ఆ పని ముగిసేదాకా ఆగి, అప్పుడు ఒక్కసారి చేయించుకోవచ్చు. ఉచితంగా ఇచ్చే కంపెనీ అయితే ఆగనక్కర్లేదు, పెన్‌డ్రైవ్ పట్టుకుని ఇవాళే చేసుకోండి.

తక్కువ ధరకు దొరికే కాపీ కార్డుల జోలికి మాత్రం పోవద్దు. చాలా కార్డులు ఒక్క కారు యంత్రానికే కట్టుబడి ఉంటాయి. అవి పనిచేయకపోతే అడిగే దిక్కుండదు.

డబ్బు కట్టాలనే నిర్ణయించుకున్నవారు ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ మ్యాపు ఏ నెల నాటిది? తర్వాతి అప్‌డేట్‌కు మళ్లీ ఎంత? ఇదే మ్యాపు ఉన్న మరో కారులో ఆనందపురం నుంచి సబ్బవరానికి దారి వేసి చూపిస్తారా? మామయ్యగారి కారు కోసం నేను ఇలాగే అడిగాను. షోరూములో ఉన్న కొత్త కారు తెర తెరిచి, నా కళ్లముందే సబ్బవరం అని కొట్టి చూపించారు. బైపాస్ ఉంది, ఎన్ఏడీ ఫ్లైఓవర్ కొమ్మలూ ఉన్నాయి. అప్పుడే డబ్బు కట్టాను. నా కారుకు మాత్రం కట్టలేదు. శుక్రవారం రాత్రి ఫోనులోకి అరకు దాకా మ్యాపు దించుకుని, శనివారం పొద్దున్నే అక్క దగ్గరకు బయలుదేరుతున్నాను.