65 నిండాక మెడికేర్: మెడిగ్యాప్ తీసుకోవాలా, అడ్వాంటేజ్‌లో చేరాలా?

అమెరికాలో 64 దాటిన దగ్గర్నుంచి మెయిల్ బాక్సు నిండా మెడికేర్ కాగితాలే. 65 నిండినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా ఇది. చాలావాటి మీద పెద్ద అక్షరాలతో ‘సున్నా ప్రీమియం’ అని ఉంటుంది. మా బావగారు ఆ మాట చూసే అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేరారు. నాలుగేళ్లకు, 2025లో నా వంతు వచ్చినప్పుడు నేను రెండో దారి, మెడిగ్యాప్, పట్టాను. డల్లాస్ పక్కన మా రెండిళ్లకీ పది నిమిషాల దూరం. అందుకే రెండు రకాలనూ దగ్గర్నుంచి చూశాను.

ముందు అర్హత. ఇక్కడ పదేళ్లు, అంటే 40 క్వార్టర్లు పన్ను కట్టి పనిచేస్తే ఆసుపత్రి ఖర్చు చూసే పార్ట్ ఎ ఉచితం. హెచ్1బి మీద చేసిన ఉద్యోగమూ లెక్కలోకి వస్తుంది. ఇండియాలో చేసిన సర్వీసు రాదు. మీకు లేకపోయినా భార్యకో భర్తకో ఉంటే సరిపోతుంది. డాక్టర్ల ఖర్చు చూసే పార్ట్ బికి మాత్రం డబ్బు కట్టాలి. 2025లో నెలకు 185 డాలర్లు, ఆదాయం బాగా ఎక్కువైతే ఇంకా పైన. సున్నా ప్రీమియం ప్లాన్‌లో చేరినా ఈ పార్ట్ బి డబ్బు సాధారణంగా తప్పదు. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ డబ్బులో కోత పడ్డాక గానీ బావగారికి ఆ సంగతి తెలియలేదు.

ఒరిజినల్ మెడికేర్, అంటే ఈ ఎ, బి మాత్రమే ఉంచుకుంటే ప్రమాదం. 2025 లెక్క ప్రకారం ఆసుపత్రిలో చేరితే మొదటి 1,676 డాలర్లు మనవే. డాక్టర్ల బిల్లులో 20 శాతం మనదే, దానికి పైన హద్దంటూ లేదు. ఆ ఖాళీని పూడ్చే ప్రైవేటు బీమానే మెడిగ్యాప్. నేను తీసుకున్న ప్లాన్ జిలో 2025కి 257 డాలర్ల డిడక్టిబుల్ నేను పెట్టుకుంటే, మెడికేర్ ఒప్పుకున్న ఖర్చులో మిగతాది వాళ్లు చూసుకుంటారు. మందులకు పార్ట్ డి విడిగా కొనుక్కోవాలి. అడ్వాంటేజ్‌లో ఇవన్నీ ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉంటాయి. మందులు చాలావరకు కలిసే వస్తాయి, కొంత పళ్ల వైద్యం, కళ్లజోడు కూడా. కానీ సాధారణంగా కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టర్ల దగ్గరికే వెళ్లాలి, చాలాసార్లు వెళ్లినప్పుడు కోపే, అంటే మన వాటా, కట్టాలి, పెద్ద చికిత్సలకు ముందుగా కంపెనీ అనుమతి కావాలి.

నా 2025 లెక్క చెప్తాను. పార్ట్ బికి 185, మెడిగ్యాప్‌కి దాదాపు 150, మందుల ప్లాన్‌కి 30. డిడక్టిబుల్ కలుపుకుని ఏడాదికి 4,637 డాలర్లు, మందుల కోపేలు వేరు. బావగారికి ఆరోగ్యంగా ఉన్న ఏడాది 2,220 డాలర్లు, పైన కొద్దిపాటి కోపేలు. అలాంటి ఏళ్లలో ఆయనే లాభపడ్డారు, అందులో సందేహం లేదు. జబ్బు చేసిన ఏడాది మాత్రం నెట్‌వర్క్‌లోనే 9,350 డాలర్ల దాకా చేతి నుంచి పడొచ్చు. 2025లో ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితి అది. కొన్ని ప్లాన్లలో ఇంతకంటే తక్కువ ఉంటుంది. మెడిగ్యాప్ ప్రీమియం కూడా ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది, అదీ మనసులో పెట్టుకోవాలి.

డబ్బు కంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి. బావగారికి స్ట్రోక్ వచ్చాక, మళ్లీ లేచి తిరిగేలా చేసే రీహాబ్‌ కేంద్రానికి పంపారు. రెండు వారాలకే ఇక చాలని ప్లాన్ వాళ్లు ఆపేశారు. అప్పటికి ఆయన చేయి పట్టుకుంటే తప్ప లేవలేకపోతున్నారు. అక్కయ్య అప్పీలు వేసి, రోజూ ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఇంకో పది రోజులు దొరికాయి. తర్వాత మెడిగ్యాప్‌కి మారదామని అప్లికేషన్ పెడితే, ఆరోగ్యం గురించి ప్రశ్నలు అడిగి కాదన్నారు.

ఈ రూల్ గురించి మనవాళ్లలో చాలామందికి తెలియదు. 65 నిండి పార్ట్ బి మొదలైన నెల నుంచి ఆరు నెలలు మెడిగ్యాప్ కంపెనీ ఏ జబ్బు ఉన్నా మిమ్మల్ని కాదనకూడదు. ఆ గడువు దాటితే టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో కాదనొచ్చు. న్యూయార్క్, కనెక్టికట్ లాంటి కొన్ని రాష్ట్రాల్లోనే ఆ ఇబ్బంది లేదు. 65కి మొదటిసారే అడ్వాంటేజ్‌లో చేరినవాళ్లు పన్నెండు నెలల్లోపు ఒరిజినల్‌కి వెనక్కి వచ్చి మెడిగ్యాప్ తీసుకోవచ్చు. అటు వెళ్లడం మాత్రం సులువు. ప్రతి ఏడాదీ అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 లోపు ఎవరైనా అడ్వాంటేజ్‌లో చేరొచ్చు, ఆరోగ్యం గురించి అడగరు. అందుకే నెలకు ఆ 180 డాలర్లు పెట్టగలిగినవాళ్లు ముందు మెడిగ్యాప్ తీసుకోవడమే మేలని గట్టిగా చెప్తున్నాను.

మూడు నెలలు న్యూజెర్సీలో కొడుకు దగ్గర, మూడు నెలలు కాలిఫోర్నియాలో కూతురి దగ్గర ఉండే పెద్దవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. ఒరిజినల్ మెడికేర్ దేశమంతటా చెల్లుతుంది. అడ్వాంటేజ్‌లో ఉండి ప్లాన్ ప్రాంతం విడిచి వరుసగా ఆరు నెలలు దాటితే సాధారణంగా పేరు తీసేస్తారు. ఇండియాలో మామూలు వైద్యానికి రెండిట్లో దేన్నీ నమ్ముకోలేం. ప్లాన్ జిలో ప్రయాణం మొదటి 60 రోజుల్లో అత్యవసరం వస్తే, 250 డాలర్లు మనం పెట్టుకున్నాక 80 శాతం ఇస్తారు, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల దాకా.

చేతిలో డబ్బు తక్కువగా ఉండి, ఊరు కదలకుండా, దగ్గర్లోని మంచి ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉంటే అడ్వాంటేజ్ మంచిదే. ఏమీ లేకుండా ఒట్టి ఒరిజినల్‌తో ఉండటం కంటే వంద రెట్లు నయం.

పిల్లలు గ్రీన్ కార్డు మీద తెచ్చుకున్న అమ్మానాన్నలది వేరే లెక్క. ఐదేళ్లు ఇక్కడ వరుసగా ఉన్నాకే అర్హత వస్తుంది. క్వార్టర్లు లేవు కాబట్టి పార్ట్ ఎకి 2025లో నెలకు 518, పార్ట్ బికి 185, మొత్తం మనిషికి 703 డాలర్లు. బి ఒక్కటే కొనుక్కోవచ్చు గానీ, ఎ, బి రెండూ ఉంటేనే మెడిగ్యాప్ అయినా అడ్వాంటేజ్ అయినా.

మా ఆవిడకి వచ్చే ఏడాది 65 నిండుతాయి. పళ్ల ఖర్చు కలిసొస్తుందని అడ్వాంటేజ్ వైపు చూసింది. ఇద్దరం కూర్చుని కాగితం మీద లెక్క వేసుకున్నాక ఆమెకీ ప్లాన్ జినే అనుకున్నాం. పళ్ల పని సంక్రాంతికి హైదరాబాద్ వెళ్లినప్పుడు చేయించుకుంటుంది.