"ప్రతి స్విచ్చూ రూటరే" అంటే నమ్మబాకండి: నెల్లూరు వాళ్లకి జాగ్రత్త

ఇప్పుడే స్మార్ట్ స్విచ్చులు కొన్న షాపు నుంచి వచ్చా. ఒళ్లు మండిపోతా ఉంది, రాతలో తప్పులుంటే ఏమనుకోబాకండి. షాపు పేరు రాయను. పొద్దున్నే మన గ్రూపుల్లో స్మార్ట్ హోమ్ ఆఫర్ల ఫోటోలు పెట్టేది ఎవరో మీకు తెలియంది కాదు.

మా ఇంట్లో సెన్సర్లు జిగ్బీవి, అంటే తక్కువ కరెంటుతో నడిచే వైర్‌లెస్ పద్ధతి. కింద హాల్లో దాని డాంగిల్ (కంప్యూటర్ యూఎస్‌బీకి గుచ్చి వాటితో మాట్లాడించేది), మిద్దె మీద ట్యాంకు సెన్సరు, గేటుకి డోర్ సెన్సరు. మధ్యలో రెండు శ్లాబులు. సెన్సర్లు రెండూ రోజుకి నాలుగుసార్లు ఆఫ్‌లైన్. దారిలో ఒకటి రెండు జిగ్బీ రూటర్లు (పక్క వస్తువు సిగ్నల్ అందుకుని ముందుకు పంపేవి, వైఫై రూటర్ కాదు) పడితే తీరిపోయే పని. అడిగితే "టచ్ స్విచ్చులు పెట్టుకోండి సార్, ప్రతి స్విచ్చూ రూటరే, మెష్ దానంతట అదే అల్లుకుంటుంది" అని ఆరు అంటగట్టినాడు. మెష్ అంటే ఒకదాని సిగ్నల్ ఇంకోటి మోసే వల. ఒక్కోటి 2,400, మొత్తం 14,400. "మీది పాత వైరింగు, బోర్డులో న్యూట్రల్ (కరెంటు తిరిగెళ్లే వైరు) ఉండదు, అందుకే న్యూట్రల్ అక్కర్లేని మోడల్ ఇస్తుండా" అని పైగా మేలు చేసినట్టు మాట.

మోసం ఆ మోడల్లోనే ఉంది. న్యూట్రల్ లేని స్విచ్చు బల్బు గుండా పారే కాస్త కరెంటుతోనే బతకాలి. లైటు ఆపినాక కూడా స్విచ్చులోని వైర్‌లెస్ రేడియో నిద్రపోకుండా ఉండాలంటే ఎక్కువ కరెంటు లాగాలి, లాగితే ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంటుంది. అందుకే ఇట్టాంటివి మామూలుగా ఎండ్ డివైజ్‌గానే వస్తాయి. తన మాట తను చెప్పుకుంటుంది, పక్క సెన్సరు మాట మోయదు. మోయాలంటే ఫేజు, న్యూట్రల్ రెండూ అంది 24 గంటలూ మేలుకుని ఉండే వస్తువు కావాలి.

ఆరూ బిగించి జిగ్బీ2ఎంక్యూటీటీ (జిగ్బీ వస్తువుల్ని చూపించి నడిపే సాఫ్ట్‌వేర్) తెరిస్తే ఆరింటికీ 'ఎండ్ డివైజ్' అనే ఉంది. మెష్ బలపడేది యాడ, డాంగిల్ నెత్తిన ఇంకో ఆరు పిల్లలు ఎక్కినాయి.

ఆ స్క్రీన్ తీసుకెళ్లి చూపిస్తే అయ్యగారు ఫోన్లోంచి తల కూడా ఎత్తలా. "పెట్టె చింపినారు కదా, రిటర్న్ లేదు. ఏదో యాప్ చూసి వచ్చి మాకు నేర్పబాకండి సార్." కొనేటప్పుడు కూర్చోబెట్టి టీ తెప్పించిన మనిషే! అంతటితో ఊరుకున్నా బాగుండు. పక్క ర్యాకు చూపించి "ఆ వైఫై ఎక్స్‌టెండర్ 1,800, అది పెట్టండి, జిగ్బీ సిగ్నల్ కూడా పెరుగుద్ది" అన్నాడు. కౌంటర్ దగ్గర పిల్లోడు కిసుక్కున నవ్వినాడు. వాడికైనా తెలుసు.

కావలి బస్సు టికెట్టు చూపించి చెన్నై రైలెక్కమన్నట్టుంది. వైఫై ఎక్స్‌టెండర్ జిగ్బీ మాట ఒక్కటి కూడా మోయదు. రెండూ వాడేది అదే 2.4 గిగాహెర్ట్జ్ కాబట్టి ఉన్న గోలకి ఇంకో గోల చేరుతుంది, అంతే.

తప్పు ఇటువైపూ ఉంది, ఒప్పుకుంటా. పెట్టె మీది బొమ్మలో ఎల్ (ఫేజు), ఎల్1, ఎల్2 (లైట్లకి పోయే వైర్లు) మాత్రమే ఉండాయి, ఎన్ (న్యూట్రల్) లేదు. లోపల మిణుకు ఆపేందుకు బల్బుకి సమాంతరంగా కలపమని బుడ్డ కెపాసిటర్ కూడా ఇచ్చినారు. అది చేతిలో పట్టుకుని కూడా బుర్ర వెలగలేదంటే ఏమనాలి? ఇంజనీరింగ్ చదువు గంగపాలు.

సరే, కొనబోయే వాళ్లకి నాలుగు ముక్కలు. బోర్డులో న్యూట్రల్ లేకపోతే స్విచ్చుల జోలికి పోకుండా జిగ్బీ స్మార్ట్ ప్లగ్గులు రెండు కొనండి. ఒకటి మెట్ల మలుపులో, ఒకటి మిద్దె తలుపు లోపల. స్మార్ట్ బల్బు కూడా రూటరే గానీ ఇంట్లో ఎవరో ఒకరు గోడ స్విచ్చు ఆపేస్తారు, దాంతో దారి తెగుద్ది. డాంగిల్‌ని యూఎస్‌బీ 3 పోర్టుకి నేరుగా గుచ్చబాకండి, ఆ పోర్టు రొదలో సిగ్నల్ మునిగిపోద్ది. మీటరున్నర ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో యూఎస్‌బీ 2కి పెట్టి దూరంగా జరపండి. వైఫై ఛానెల్ 1 లేదా 6లో ఉంటే జిగ్బీ ఛానెల్ 25 పెట్టుకోవచ్చు. 26 వద్దు, కొన్ని వస్తువులు దాంట్లో సరిగ్గా చేరవు. ఛానెల్ మార్చితే కొన్నిటిని మళ్లీ పెయిర్ చేయాల్సి వస్తుంది, కాబట్టి ఆ పని ముందే కానీండి.

ప్లగ్గు పెట్టగానే సెన్సరు దాని మీదికి దూకుతుందని ఎదురు చూడబాకండి. బ్యాటరీ సెన్సర్లు కొన్ని పాత దారినే పట్టుకుని వేలాడతాయి. జిగ్బీ2ఎంక్యూటీటీలో కొత్త వస్తువుల్ని చేర్చుకునే 'పర్మిట్ జాయిన్'లో ఆ ప్లగ్గు ఒక్కటే ఎంచుకుని, సెన్సరుని అది ఉండే చోటే మళ్లీ పెయిర్ చేయండి. కరెంటు పోతే ప్లగ్గూ పోద్ది, దాన్ని నమ్ముకున్న సెన్సరూ పోద్ది. ఇన్వర్టర్ లైనున్న సాకెట్టే చూసుకోండి.

న్యూట్రల్ ఉండి స్విచ్చులే కొంటే బిల్లు మీద 'రూటర్, న్యూట్రల్ మోడల్' అని రాయించుకోండి. నా బిల్లులో 'స్మార్ట్ స్విచ్ 6' అని తప్ప ఏమీ లేదు. రేపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ముందు అదే అడుగుతారేమో.